ఆరేళ్ల వైబ్రాఫోను: కొట్టడం సులువు, ఆపడమే పని

మా ముందుగదిలో సగం చోటు మూడు సప్తకాల వైబ్రాఫోనుదే, అంటే లోహపు పలకలను కొట్టి వాయించే వాద్యానిదే. ఒకరు వాడినదాన్ని కొన్నాను, ఆరేళ్లయింది. విజయనగరంలో దీన్ని చూసినవాళ్లు ముందుగా అడిగేది "ఇది జలతరంగమా?" అని. కొత్తలో పక్కింటి పిన్నిగారు గోడ మీదుగా "మీ గడియారం గంటలు కొట్టడం మానదేమిటి బాబూ?" అన్నారు. విసుగుతో అన్నదే అయినా, ఈ వాద్యంతో ఉన్న అసలు చిక్కు అదే. మానదు.

37 అల్యూమినియం పలకలు, వాటి కింద గొట్టాలు, కాలి దగ్గర పెడల్. పెడల్ తొక్కితే ఫెల్టు పట్టీ పలకలను వదిలేస్తుంది, స్వరం సెకన్ల తరబడి నిలుస్తుంది. కాలు తీస్తే టక్కున మూగబోతుంది. మొదటి ఏడాదంతా పెడల్ తొక్కిపెట్టే వాయించాను. వాయిస్తున్నంతసేపూ గొప్పగా అనిపించేది. ఫోనులో రికార్డు చేసుకుని వింటే స్వరాలన్నీ కలిసి ముద్దపప్పు.

చిన్నప్పుడు నేర్చిన మృదంగం అక్కడ ఆదుకుంది. మృదంగం ఎడమ వైపైన తొప్పి మీద అరచేయి ఆనిస్తే నాదం ఎలా ఆగుతుందో చేతికి తెలుసు. ఇక్కడ కుడిచేతి మాలెట్‌తో, అంటే తలకు నూలు చుట్టిన కొట్టుడుపుల్లతో, కొత్త పలకను కొడుతూ, సరిగ్గా అప్పుడే ఎడమచేతి మాలెట్‌ను పాత పలక మీద ఆనించాలి. గట్టిగా ఆనిస్తే 'టిక్' మంటుంది, ఆలస్యమైతే రెండు స్వరాలూ కలుస్తాయి. కాలు పెడల్ మీదే ఉంటుంది, మిగతా స్వరాలు మోగుతూనే ఉంటాయి, ఆగాల్సినది ఒక్కటే ఆగుతుంది. ఎఫ్ శ్రుతిలో పన్నెండు బార్ల (తాళం ఆవర్తాల వంటివి) బ్లూస్ పాటను ఈ పద్ధతిలో శుభ్రంగా వాయించడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది. ఆ తరువాత జాజ్ వైబ్రాఫోను విద్వాంసుడు మిల్ట్ జాక్సన్ రికార్డులు వేరే రకంగా వినిపించాయి. ఆయన ఎక్కడ కొట్టారన్నది కాదు, ఎక్కడ వదిలేశారన్నది వినడం మొదలుపెట్టాను.

ఇక మోటారు. గొట్టాల నోళ్ల దగ్గర బిళ్లలు తిరుగుతూ నాదాన్ని ఊపుతాయి, వాద్యానికి వైబ్రాఫోను అన్న పేరు పెట్టిందే ఆ ఊపును (వైబ్రాటోను) బట్టి. 1930లో జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ రికార్డింగులో లయొనెల్ హాంప్టన్ దీన్ని వాయించాక జాజ్‌లో దీనికి చోటు దొరికింది. జాక్సన్ ఆ ఊపును బాగా నెమ్మది చేశారు, నాలుగు మాలెట్ల గ్యారీ బర్టన్ దాదాపు మానేశారు. నేను మాత్రం సిద్ధాంతం కొద్దీ మానలేదు. మూడో వానాకాలంలో రబ్బరు బెల్టు పగిలింది, అంతే. కొత్తది వెతుకుతూ వెతుకుతూ మోటారు లేని నాదానికి అలవాటు పడిపోయాను. కరెంటు పోయినా సాధన ఆగదన్నది అదనపు లాభం.

ద్వారం వెంకటస్వామి నాయుడుగారు వయొలిన్ వాయించిన ఊరు కదా, స్వరాన్ని ఊపి పలికించే గమకం ఇందులో వస్తుందా అన్న ప్రశ్న తప్పదు. సంగీతం తెలిసిన మా మామయ్య అదే అడిగారు. గట్టి రబ్బరు మాలెట్‌ను తాడు దూరే చోట పలకకు అదిమి, రెండో దానితో కొట్టి, అదిమిన దాన్ని మధ్యకు జరిపాను. స్వరం కొంచెం కిందికి జారింది. "ఇది గమకం కాదురా, జారుడుబండ" అన్నారు. నిజమే. ఇందులో కల్యాణి రాగం కోసం కూర్చోవద్దు.

మరమ్మతుల సంగతి. పలకలు గుచ్చిన తాడు తేమకు సాగి, పలకలు ఒకదానికొకటి తగిలేవి. వలల తాళ్లు అమ్మే కొట్లో నైలాన్ తాడు కొని మార్చాను, ఇప్పటికి రెండేళ్లు నిలిచింది. మాలెట్ల నూలు ఊడితే ఇంట్లోనే చుట్టుకుంటున్నాను. కింది ఎఫ్ కొడితే ఒక గొట్టం జుయ్యిమనేది. వదులైన మర ఒకటి దొరికేసరికి నెల గడిచింది.

పాతది కొనేవాళ్లు మెరుపు చూడకండి. పెడల్ తొక్కి ఒక్కో పలకా కొట్టి, మోత ఎంతసేపు నిలుస్తుందో లెక్కపెట్టండి. తరువాత కాలు తీసి, ఫెల్టు అన్నింటినీ ఒకేసారి ఆపుతుందో లేదో వినండి. నాది పై సప్తకంలో రెండింటిని ఇప్పటికీ సరిగా ఆపదు, వాటి మీద నా చేయే పెడతాను.