డేట్-ఎఫ్‌ఎన్‌ఎస్ నాలుగో వెర్షన్: దేనికి అరుస్తుంది, దేనికి నోరు మెదపదు

జావాస్క్రిప్ట్‌లో కొత్త ప్రాజెక్టు మొదలుపెడుతూ మొమెంట్ అనే పాత తేదీల లైబ్రరీని (రెడీమేడ్ కోడ్) వేసుకోవాల్సిన పనిలేదు. ఇక కొత్త ఫీచర్లు రావని దాన్ని తయారుచేసినవాళ్లే 2020 సెప్టెంబరులో చెప్పేశారు. దాని చోట ఎక్కువమంది వాడే లైబ్రరీల్లో డేట్-ఎఫ్‌ఎన్‌ఎస్ ఒకటి. ఫార్మాట్ తప్పుల్ని ఇది చాలావరకు పట్టిస్తుంది. తేదీ ఒక రోజు వెనక్కి జరిగే బగ్‌ని మాత్రం దానంతట అది ఆపలేదు, ఎందుకంటే లోపల ఉన్నది జావాస్క్రిప్ట్‌లోని అదే పాత డేట్ ఆబ్జెక్ట్. అది తేదీని కాదు, ఒక క్షణాన్ని దాచుకుంటుంది.

మన దేశంలో ఆ బగ్ ఎలా వస్తుందంటే: యూజర్ క్యాలెండర్‌లో 2024 ఆగస్టు 15 ఎంచుకుంటాడు. బ్రౌజర్ దాన్ని ఇక్కడి అర్ధరాత్రిగా పెట్టుకుంటుంది. సర్వర్‌కి పంపేటప్పుడు, తేదీని యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) లెక్కలో అక్షరాలుగా మార్చే టుఐఎస్ఓస్ట్రింగ్ పిలిస్తే అయిదున్నర గంటలు తగ్గి ఆగస్టు 14, 18:30 యూటీసీ అవుతుంది. డేటాబేస్‌లో ఆ కాలమ్ వట్టి తేదీదైతే సమయం ఎగిరిపోయి 14 మిగులుతుంది. పుట్టినరోజులన్నీ ఒక రోజు వెనక్కి జరిగాయని ఫిర్యాదు టికెట్ వస్తే మొదట వెతకాల్సింది ఈ లైనే. దాని బదులు డేట్-ఎఫ్‌ఎన్‌ఎస్‌లోని ఫార్మాట్‌ఐఎస్ఓ వాడి, రిప్రజెంటేషన్ ఆప్షన్‌ను డేట్ అని పెడితే 2024-08-15 అనే వెళ్తుంది.

ఇదే బగ్ ఎదురు దిక్కునుంచీ వస్తుంది. 2024-08-15 అనే స్ట్రింగ్‌ని (అక్షరాల వరుస) నేరుగా న్యూ డేట్‌కి ఇస్తే జావాస్క్రిప్ట్ దాన్ని యూటీసీ అర్ధరాత్రి అనుకుంటుంది. హైదరాబాద్‌లో అది ఉదయం 5:30, కాబట్టి తేదీ సరిగానే కనిపిస్తుంది. డాలస్‌లో ముందు రోజు సాయంత్రం 7 గంటలు. ఇక్కడ టెస్టులన్నీ పాసై అక్కడి క్లయింట్ దగ్గర దొరికిపోయేది ఇందుకే. పార్స్‌ఐఎస్ఓ అదే స్ట్రింగ్‌ని లోకల్ అర్ధరాత్రిగా తీసుకుంటుంది కాబట్టి రెండు చోట్లా 15 వస్తుంది. టెస్టుల్ని, టైమ్‌జోన్‌ను నిర్ణయించే టీజెడ్ వేరియబుల్‌లో అమెరికా/చికాగో పెట్టి ఇంకోసారి నడపండి, దాక్కున్నవి బయటికొస్తాయి.

క్లౌడ్ సర్వర్లు మామూలుగా యూటీసీలో ఉంటాయి. మనకు రాత్రి 12 నుంచి 5:30 దాకా వాటి లెక్కలో ఇంకా నిన్నే. 2024లో వచ్చిన ఈ నాలుగో వెర్షన్‌లో దీనికి మందు ఉంది: టీజెడ్ ప్యాకేజీని విడిగా ఇన్‌స్టాల్ చేసి, రోజు మొదలును ఇచ్చే స్టార్ట్‌ఆఫ్‌డే లాంటి ఫంక్షన్లకు ఇన్ ఆప్షన్‌లో ఏషియా/కోల్‌కతా ఇవ్వాలి. ఒక చోట ఇచ్చి పక్క లైన్లో మర్చిపోతే ఏ ఎర్రరూ రాదు.

ఫార్మాట్ దగ్గర మాత్రం పనితనం కనిపిస్తుంది. మొమెంట్ అలవాటుతో సంవత్సరానికి పెద్ద వై నాలుగు రాస్తే రేంజ్ ఎర్రర్ విసిరి, చిన్న వై వాడమని చెబుతుంది. పెద్ద వై అంటే వారాల లెక్కన వచ్చే సంవత్సరం; ఐఎస్ఓ వారాల ప్రకారం 2024 డిసెంబరు 30 అప్పటికే 2025లో పడుతుంది. జావా ఫార్మాటర్ ఇదే తప్పును కిమ్మనకుండా మింగుతుంది, జనవరి ముంగిట్లో బయటపడుతుంది. అయితే నెలకు పెద్ద ఎమ్ బదులు చిన్న ఎమ్ రాస్తే ఇదీ పట్టించుకోదు. చిన్నది నిమిషాలు. 10:42కి నడిపితే నెల 42 అని వస్తుంది, దొరుకుతుంది. 10:08కి నడిపితే ఆగస్టులా కనిపించి తప్పించుకుంటుంది.

అక్షరాల్ని తేదీగా మార్చే పార్స్‌లో 31/02/2024 ఇస్తే ఇన్‌వాలిడ్ డేట్ వస్తుంది, మంచిదే. కానీ నాలుగు వైల ఫార్మాట్ పెట్టి 05/06/24 ఇస్తే క్రీస్తుశకం 24వ సంవత్సరం తయారవుతుంది, ఈజ్‌వాలిడ్ దానికి ట్రూ అంటుంది! ఎక్సెల్ నుంచి వచ్చే డేటాకి సంవత్సరం 1900 పైన ఉందా అన్న చెక్ మీరే రాసుకోవాలి.

ఈఎమ్ఐ తేదీలకు యాడ్‌మంత్స్ బాగుంటుంది. 2024 జనవరి 31కి ఒక నెల కలిపితే ఫిబ్రవరి 29 ఇస్తుంది. జావాస్క్రిప్ట్ డేట్‌కి ఉన్న మామూలు సెట్‌మంత్ అయితే మార్చి 2కి దూకుతుంది. వచ్చిన జవాబుకే మళ్లీ నెల కలపొద్దు, మార్చి 29 అవుతుంది. ప్రతి కిస్తీకీ మొదటి తేదీ నుంచే లెక్కపెట్టండి. రోజుల తేడాకు డిఫరెన్స్‌ఇన్‌క్యాలెండర్‌డేస్ వాడాలి. రాత్రి 10 నుంచి మర్నాడు ఉదయం 6కి డిఫరెన్స్‌ఇన్‌డేస్ సున్నా అంటుంది, అది నిండు రోజుల్నే లెక్కిస్తుంది మరి.

తెలుగు లొకేల్ (భాషా సెట్టింగ్) కూడా ఉంది, నెలలూ వారాలూ చక్కగా వస్తాయి.

సమయంతో సంబంధం లేని తేదీలు, అంటే పుట్టినరోజు, గడువు తేదీ లాంటివి, ఎక్కువగా ఉన్న యాప్ అయితే వాటిని స్ట్రింగ్‌గానే తిప్పి, లెక్క కట్టేటప్పుడు మాత్రమే ఈ లైబ్రరీకి ఇవ్వడం క్షేమం. అలాంటి తేదీకి అసలైన టైప్, జావాస్క్రిప్ట్ కొత్త తేదీల వ్యవస్థ టెంపొరల్‌లోని ప్లెయిన్‌డేట్. ఫైర్‌ఫాక్స్ 139లో వచ్చేసింది, పాత బ్రౌజర్లకు పాలీఫిల్ (లేని ఫీచర్‌ను తెచ్చిపెట్టే కోడ్) జోడించాలి.