నదిలో ఈదేవాళ్ళకు నారింజ రంగు టో ఫ్లోట్: కృష్ణ దాటి చూశాక చెబుతున్న మాట

చెరువులోనో నదిలోనో సముద్రంలోనో ఈదేవాళ్ళు ఎవరైనా సరే, మంచి గాగుల్స్ తర్వాత కొనాల్సిన వస్తువు టో ఫ్లోట్. పడవలో ఉన్న మనిషికి మనం ఎక్కడున్నామో అది చూపిస్తుంది. దాని అసలు పని అదే. ఆ పనికి ఇది నూటికి నూరు పాళ్ళూ పనికొస్తుంది. మునగకుండా పట్టి ఉంచుతుందని ఎవరైనా చెబితే మాత్రం నమ్మకండి. దాని సంగతి కింద రాశాను.

చూడని వాళ్ళ కోసం ముందు వస్తువు గురించి. మందపాటి ప్లాస్టిక్ పూత ఉన్న నైలాన్ సంచి ఇది. నోటితో ఊదితే చిన్న తలగడంత అవుతుంది. దానికో పట్టీ, పట్టీ చివర నడుముకు కట్టుకునే బెల్ట్. మనం ఈదుతుంటే వెనకాలే నీళ్ళ మీద తేలుతూ వస్తుంది. నేను కొన్నది ఇరవై లీటర్లది, లోపల వస్తువులు పెట్టుకునే అర కూడా ఉన్న రకం. ఆన్‌లైన్‌లో రెండు వేల లోపు పడింది. అర లేకుండా వట్టి గాలి సంచి మాత్రమే ఉన్నవి ఇంకా తక్కువకు దొరుకుతాయి. ఆడవాళ్ళు మాత్రం డబ్బు ఎక్కువైనా అర ఉన్నదే తీసుకోండి. ఎందుకో చెబుతాను.

నేను విజయవాడలో హైస్కూల్లో లెక్కలు చెబుతాను. పిల్లలు పెద్దవాళ్ళయ్యాక ఈత నేర్చుకున్నాను. రోజూ పొద్దున్నే ఇరవై అయిదు మీటర్ల కొలనులో అటూ ఇటూ తిరగడమే నాకు తెలిసిన ఈత. 2021లో గోలి శ్యామల గారు మన దేశానికీ శ్రీలంకకూ మధ్యనున్న పాక్ జలసంధి ఈదారన్న వార్త చదివాక మా బ్యాచ్‌లో ఆడవాళ్ళకు కూడా బయటి నీళ్ళ మీద ఆశ పుట్టింది. ఈ చలికాలం మా క్లబ్బూ, గుంటూరు వైపు క్లబ్బు ఒకటీ కలిసి కృష్ణలో స్నేహపూర్వకంగా ఒక పోటీ పెట్టుకున్నాయి. కప్పులు, బహుమతి డబ్బులు ఏమీ లేవు. దుర్గా ఘాట్ దగ్గర దిగి, సీతానగరం ఒడ్డున తేలాలి. కిలోమీటరు పైచిలుకు దూరం. ఫ్లోట్ లేనివాళ్ళని నీళ్ళలోకి దింపేది లేదని రెండు క్లబ్బుల పెద్దలూ ముందే తేల్చి చెప్పారు. అందుకే కొన్నాను.

ప్రకాశం బ్యారేజీ ఎగువన కృష్ణ చూడటానికి పెద్ద చెరువులా నిలబడి ఉంటుంది. 1957లో బ్యారేజీ పూర్తయినప్పటి నుంచీ అక్కడ నీళ్ళు నిలవ ఉంటున్నాయి, నిండితే మూడు టీఎంసీల పైన. గేట్లన్నీ దించి ఉన్న రోజున నడి నదిలో పారుదల ఉన్నట్టే అనిపించదు. కానీ బ్యారేజీకి రెండు పక్కలా కాలువలున్నాయి. డెల్టాకు నీళ్ళు వదిలినప్పుడు లాకుల వైపు లాగుడు ఉంటుంది. 2024 సెప్టెంబరులో 11.43 లక్షల క్యూసెక్కులు ఈ గేట్ల కిందుగానే పోయాయి. ఆ వరద చూసిన మాకు ఈ నిలవ నీళ్ళను తేలిగ్గా తీసుకునే ధైర్యం లేదు. గేట్ల సంగతి, కాలువల సంగతి కనుక్కుని, పోలీసులకూ ఇరిగేషన్ వాళ్ళకూ చెప్పి, గజ ఈతగాళ్ళను పడవల్లో పెట్టుకున్నాకే పోటీ.

ఇక ఫ్లోట్ పనితనం. మొదటి పరీక్ష నీళ్ళలోకి దిగేటప్పుడే. రెండు క్లబ్బుల వాళ్ళూ మెట్ల దగ్గర గుంపుగా దిగారు. విజిల్ పడగానే కాళ్ళూ చేతులూ ఒకరివి ఒకరికి తగులుతూ ఉంటాయి. కొలనులో తాళ్ళు కట్టి విడదీసిన వరసల్లో ఎవరి వరస వాళ్ళది కాబట్టి ఈ తొక్కిడి అలవాటు ఉండదు. పట్టీ పొడుగ్గా వదిలినవాళ్ళ ఫ్లోట్లు పక్కవాళ్ళ చేతులకు చుట్టుకున్నాయి. పట్టీ పొడవు సరిచేసుకునే చిన్న బకిల్ ఒకటి ఉంటుంది. బోర్లా తేలినప్పుడు ఫ్లోట్ పిక్కల మీదకి వచ్చేలా దాన్ని బిగించుకోవాలి. మరీ దగ్గరగా కడితే చెయ్యి వెనక్కి తోసి ఎత్తేటప్పుడు ప్రతిసారీ వేళ్ళు తగులుతాయి. ఇంకో సంగతి, గుంపులో ముందుండాలని పోకుండా ఒక పక్కగా దిగడం మేలు. నూరు మీటర్లు పోయేసరికి గుంపు దానంతట అదే పలచబడుతుంది.

లాగుతుందా అని అందరూ అడుగుతారు. గాలి లేనంతసేపూ అది ఉన్నట్టే తెలియలేదు. నది మధ్యకి వచ్చేసరికి పడమటి నుంచి గాలి మొదలైంది. అప్పుడు తెలిసింది. ఫ్లోట్ నా ఎడమ పక్కకి, అంటే బ్యారేజీ వైపుకి జరిగిపోయి, నడుము దగ్గర బెల్టును అటే లాగడం మొదలెట్టింది. నొప్పేమీ కాదు కానీ వరస తప్పుతుంది. దారి చూపడానికి కొలనులో ఉన్నట్టు నదిలో అడుగున నల్ల గీత ఉండదు కదా. నాలుగైదు బారలకోసారి తలను కళ్ళ వరకూ నీళ్ళ పైకెత్తి ఎదురుగా ఏదో ఒక గుర్తు చూసుకోవాలి. నేను సీతానగరం కొండను పెట్టుకున్నాను. గాలి మొదలయ్యాక అది ప్రతిసారీ కాస్త కుడికి జరిగి కనిపించేది. ఆ లాగుడుకు సరిపడా కొండకు ఇంకొంచెం కుడిగా గురి పెట్టి ఈదాక దారి కుదిరింది. బాగా గాలి ఉండే సముద్రపు ఒడ్డుల్లో ఈదేవాళ్ళు ఇంత పెద్ద సంచి కాకుండా చిన్నది, గుండ్రంగా కాక పలచగా ఉండేది చూసుకోవడం మంచిది.

కనిపించడం సంగతి నన్నడిగితే కాదు, పడవ నడిపిన ఆయన్ని అడిగితే తెలుస్తుంది. పోటీ అయ్యాక ఒడ్డున ఆయనతో మాట్లాడాను. పొద్దుటి ఎండ బ్యారేజీ వైపు నుంచి నీళ్ళ మీద పడి మెరుస్తుంటే, అందులో నల్ల తలకాయ ఏది, గుర్రపు డెక్క ముద్ద ఏది అని పోల్చుకోవడం కష్టమట. "నారింజ రంగు మాత్రం ఎంత దూరమైనా కనపడుద్దమ్మా. లెక్క పెట్టుకుంటా కూర్చున్నాం," అన్నారు. ఆయన మాటలో నాకు బాగా నచ్చింది ఆ లెక్క పెట్టుకోవడమే. ఎంతమంది దిగారు, ఎన్ని ఫ్లోట్లు కనిపిస్తున్నాయి, అంతే. టోపీ కూడా మంచి రంగుదే పెట్టుకున్నాం కానీ, టోపీ నీళ్ళలోకి పోతూ వస్తూ ఉంటుంది. ఫ్లోట్ ఎప్పుడూ పైనే ఉంటుంది.

అవతలి క్లబ్బు కుర్రాడొకడికి నడి నదిలో పిక్క పట్టేసింది. నాకు కాస్త ముందున్నాడు. చెయ్యి ఊపడం ఆగిపోయింది, మొహం పైకి వచ్చింది, తర్వాత పట్టీ పట్టుకుని ఫ్లోట్‌ను ముందుకు లాక్కుని ఛాతీ కింద పెట్టుకున్నాడు. ఒక చేత్తో దాన్ని కావలించుకుని రెండో చెయ్యి పైకెత్తాడు. నేను దగ్గరికెళ్ళి "ఏం నాన్నా, బాగానే ఉన్నావా?" అని అడిగేలోపే కాపలాగా ఉన్న కయాక్, అంటే తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ, వచ్చేసింది. అతను పడవ ఎక్కలేదు. కాలి వేళ్ళను తన వైపుకు లాగి పట్టుకుని కాసేపు అలాగే ఉండి, పట్టు వదిలాక మళ్ళీ మెల్లగా ఈదాడు. పెద్ద పోటీల్లో అయితే ఇలా ఆధారం పట్టుకుంటే ఒప్పుకోరు. మా పోటీలో ఫ్లోట్ పట్టుకుని ఎంతసేపైనా ఆగొచ్చని ముందే చెప్పారు, మొదటిసారి నదిలో దిగేవాళ్ళ టెన్షన్ సగం అక్కడే పోయింది.

ఇప్పుడు ఆ అర గురించి. ఒక ఒడ్డున దిగి ఇంకో ఒడ్డున తేలే పోటీల్లో బట్టల సంచి మొదటి ఒడ్డునే ఉండిపోతుంది. దాన్ని బ్యారేజీ మీదుగా తీసుకొచ్చే బండి ఎప్పుడొస్తుందో చెప్పలేం. మగవాళ్ళు తువ్వాలు చుట్టుకుని ఒడ్డున కూర్చుంటారు. తడి స్విమ్ సూట్‌లో, చలిగాలిలో, ఊళ్ళో జనం చుట్టూ ఉండగా ఆడవాళ్ళు అలా నిలబడాలంటే ఎంత ఇబ్బందో వేరే చెప్పనక్కర్లేదు. నేను ఫ్లోట్ అరలో ఒక పలచని కాటన్ నైటీ, చిన్న తువ్వాలు, రబ్బరు చెప్పులు పెట్టుకున్నాను. ఫోన్ వేరే కవర్లో మూసి పెట్టాను. సీతానగరం మెట్ల మీద బెల్ట్ విప్పీ విప్పగానే తువ్వాలు తీసి తుడుచుకుని, నైటీ పైనుంచి వేసుకున్నాను. పొడిగా ఉంది. ఆ ఒక్క నిమిషం కోసం ఈ వస్తువుకు ఇంకో వెయ్యి ఎక్కువైనా ఇచ్చేదాన్ని. మా క్లబ్బులో ఇద్దరు అమ్మాయిలు అక్కడే నిలబడి వాళ్ళ అన్నయ్యల చేత ఆర్డర్ పెట్టించారు.

పొడిగా ఉండాలంటే మూత సరిగ్గా చుట్టాలి. సంచి నోరు రెండు అంచులూ సమంగా కలిపి, లోపలి గాలి మెల్లగా నొక్కేసి, కనీసం మూడు చుట్లు గట్టిగా చుట్టి, అప్పుడు రెండు కొసలూ తెచ్చి బకిల్ వెయ్యాలి. గుడ్డ అంచు మడతలో ఇరుక్కుంటే ఆ సందులోంచే నీళ్ళు దూరతాయి. బట్టలు పెట్టాకే గాలి ఊదాలి. ముందు ఊదితే అరలో చోటుండదు.

నచ్చనివీ ఉన్నాయి. నడుము బెల్ట్ మరీ సన్నం, జారుడు నైలాన్. బిగించిన కొస ఈదుతుంటే కొద్దికొద్దిగా వదులవుతూ వచ్చింది. తర్వాత కొసను వెనక్కి మడిచి నాలుగు కుట్లు వేయించాను, ఇక జారలేదు. కంపెనీ వాళ్ళు ఆ పని ముందే చేసి ఇవ్వాలి. గాలి ఊదే వాల్వు మూత కురచ, తడి వేళ్ళకు చిక్కదు, గోరుతో లాగాల్సి వస్తుంది. ఒడ్డున గట్టిగా ఊదినా చల్లటి నీళ్ళలోకి వెళ్ళాక కాస్త మెత్తబడింది. అది చిల్లు కాదు, మన ఊపిరి వెచ్చగా ఉంటుంది, నీళ్ళలో చల్లబడితే లోపలి గాలి కుంచించుకుపోతుంది. నీళ్ళలో ఒకసారి ముంచి చూసి ఇంకో రెండు ఊపిరులు పట్టించి బయలుదేరితే సరి. ఎండలో మాత్రం పూర్తిగా ఊది వదిలెయ్యకండి, ఉబ్బి కుట్టు దగ్గర విడుతుంది.

పల్లెల్లో మా నాన్న తరం వాళ్ళు నడుముకు ఎండు సొరకాయ బుర్రలు కట్టుకుని బావిలో ఈత నేర్చుకున్నారు. ఇదీ అలాంటిదే కదా, ఈత రాని పిల్లలకు కట్టొచ్చా అని మా స్టాఫ్ రూమ్‌లో ఒకరు అడిగారు. కట్టకూడదు. బుర్రలు ఒంటికి అంటిపెట్టుకుని ఉంటాయి. ఇది తాడు కొసన వెనకాల ఉంటుంది, భయపడి కొట్టుకుంటున్న పిల్లవాడి చేతికి అందదు. స్పృహ తప్పిన మనిషి మొహాన్ని నీళ్ళ పైన నిలపదు. ఆ పని లైఫ్ జాకెట్‌ది. ఈత వచ్చి, ఆ దూరం కొలనులో ఆగకుండా ఈదగలిగిన వాళ్ళకే ఈ ఫ్లోట్. అది ఉన్నా ఒంటరిగా నదిలోకి దిగొద్దు.

రంగు నారింజే తీసుకోండి, లేదా ముదురు గులాబీ. నీలం, ఆకుపచ్చ కూడా అమ్ముతున్నారు. నీళ్ళ మీద అవి కనపడవు, కొన్నా లాభం లేదు. వాడాక మంచినీళ్ళతో కడిగి, అర నోరు తెరిచి నీడన తలకిందులుగా వేలాడదీయాలి, లేకపోతే లోపల బూజు వాసన పడుతుంది. కొనలేని పిల్లల కోసం మా క్లబ్బు కొన్ని కొని ఉంచబోతోంది. మిగతా క్లబ్బులు కూడా రిజిస్ట్రేషన్ రుసుములోనే ఫ్లోట్ అద్దె కలిపేస్తే, తలకో ఫ్లోట్ లెక్కన పడవవాళ్ళకు లెక్క సరిపోతుంది.