టేకు చేపల కోసం సీల్ బీచ్, బోల్సా చికా

లాస్ ఏంజెలెస్ వైపు టేకు చేపలు (స్టింగ్‌రేలు) చూడాలని అడిగితే అందరూ సీల్ బీచ్‌కే పొమ్మంటారు. శాన్ గాబ్రియెల్ నది సముద్రంలో కలిసే ఆ మూలకి స్థానికులు ‘రే బే’ అని పేరే పెట్టేశారు. పక్కనున్న కరెంటు ప్లాంట్లు ఏళ్ల తరబడి వదిలిన వెచ్చటి నీళ్లు, పైగా మెత్తటి ఇసుక. రౌండ్ స్టింగ్‌రేకి ఇంకేం కావాలి?

ఉండటం ఉన్నాయి, కనబడవు, అదే చిక్కు. అలలకి నీళ్లు బురదబురదగా ఉంటాయి, అవేమో ఇసుక కప్పుకుని పడుకుంటాయి. దిగితే మాత్రం అడుగులు ఎత్తి వేయొద్దు. పాదాలు ఇసుకలో ఈడుస్తూ నడిస్తే అలికిడికి అవే తప్పుకుంటాయి. మీద కాలు పడితేనే తోకముల్లు దింపుతాయి. గుచ్చుకుంటే లైఫ్‌గార్డుల దగ్గరికెళ్లండి, ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో కాలు పెట్టిస్తారు. రౌండ్ స్టింగ్‌రే శాస్త్రీయ నామంలోని ‘హాలెరి’ కూడా శాన్ డీగో తీరంలో కాలికి ముల్లు గుచ్చుకున్న మేజర్ హాలర్ గారబ్బాయి పేరు మీద 1863లో పెట్టిందే. పాపం పిల్లాడు!

కంటినిండా చూడాలంటే హంటింగ్టన్ బీచ్‌లోని బోల్సా చికా అనే చిత్తడినేలల రక్షిత ప్రాంతానికి వెళ్లాలి. 2006లో సముద్రానికి దారి తెరిచాక ఆటుపోట్లు లోపలి మడుగుల్లోకి వస్తున్నాయి. పోటు తగ్గాక నడక వంతెన మీంచి తొంగిచూస్తే, అడుగున పళ్లేలు పరిచినట్టు గోధుమరంగు చేపలు. ఒకటి మా కళ్లముందే ఇసుక దులుపుకుని లేచింది, పడుకున్నచోట గుండ్రటి గుంట మిగిలింది.

పోల్చుకోవడానికి తోక చూడండి. పొట్టిగా లావుగా ఉండి చివర చిన్న రెక్క ఉంటే రౌండ్ స్టింగ్‌రే. తోక సన్నగా పొడుగ్గా ఉండి ఒళ్లు నాలుగు పలకలుగా ఉంటే డైమండ్ స్టింగ్‌రే. తల ముందుకి పొడుచుకొచ్చి, రెక్కల కొసలు మొనదేలి ఉంటే బ్యాట్ రే. ఆ బ్యాట్ రేని చేత్తో తాకాలంటే లాంగ్ బీచ్‌లో అక్వేరియం ఆఫ్ ది పసిఫిక్ ఉంది. పిల్లలుంటే వెళ్లొచ్చు, లేకపోతే ఆ టికెట్ డబ్బులు దండగనే అంటాను.

బసకి సీల్ బీచ్‌లో గదులు తక్కువ, రేట్లు ఎక్కువ. మేం దిగిన మోటల్లో ఏసీ రాత్రంతా గడగడలాడింది, పైగా ఖాళీ చేసేటప్పుడు పార్కింగ్‌కి విడిగా వడ్డించారు. కాస్త లోపలికి, ఆర్టీషియా వైపు దిగితే నయం, పయొనీర్ బులెవార్డ్ మీద దోసెలకీ లోటుండదు.

బోల్సా చికాలో పార్కింగ్ ఉచితమే గానీ జాగా తక్కువ, నీడ అసలే లేదు. ఆటుపోట్ల టైం చూసుకుని పొద్దున్నే వెళ్లండి, పోలరైజ్డ్ కళ్లద్దాలు పెట్టుకోండి. అవి లేకపోతే నీళ్ల మీద ఎండ మెరుపు తప్ప ఏమీ కనిపించదు.