"కాస్త చూసుకో" అనడం మానేశాను: టోస్ట్‌మాస్టర్స్‌లో ఆరు నెలలు

విశాఖ దగ్గర పరవాడ వైపు ఒక మందుల కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ కెమిస్టుని నేను. ఎనిమిదేళ్ల సర్వీసు. నిరుడు ఒక మధ్యాహ్నం 'ఎ' షిఫ్టు దిగిపోతూ, బి షిఫ్టుకి వచ్చిన తమ్ముడితో "హెచ్‌పీఎల్‌సీలో ప్రెషర్ పెరుగుతోంది, కాస్త చూసుకో" అని చెప్పి కంపెనీ బస్సెక్కేశాను. హెచ్‌పీఎల్‌సీ అంటే మందు శాంపిళ్లలో ఏది ఎంత ఉందో కొలిచే మిషను. దాని కాలమ్ అనే గొట్టంలో, లోపల పారే బఫర్ ద్రావణం తాలూకు ఉప్పు పేరుకుపోయి, రాత్రి రన్ మధ్యలో ఆగిపోయింది. శాంపిళ్లన్నీ మళ్లీ పెట్టాల్సి వచ్చింది. మర్నాడు మీటింగులో "అంత ఉందని నువ్వు చెప్పలేదక్కా" అన్నాడతను. చెప్పానని నేను. వారం రోజులు నిద్ర పట్టలేదు.

సరిగ్గా మాట్లాడటం నేర్చుకోవాలని ముందు ఒక స్పోకెన్ ఇంగ్లిష్ ఇన్‌స్టిట్యూట్‌లో నెల రోజులు కూర్చున్నాను. నోట్సు నిండింది గానీ, నేను నోరు తెరిచింది రెండుసార్లే. తర్వాత మా ఆడపడుచు నలుగురిలో మాట్లాడటం సాధన చేసే, ఆదివారం జరిగే ఒక టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బుకి తీసుకెళ్లింది. కూర్మన్నపాలెం నుంచి ఆర్టీసీ కాంప్లెక్స్‌కి బస్సు, అక్కణ్నుంచి ఆటో. సెలవు రోజు పొద్దున్నే ఇంత ప్రయాణమా అనిపించింది, నిజమే.

1924లో కాలిఫోర్నియాలోని శాంటా ఆనాలో రాల్ఫ్ స్మెడ్లీ అనే ఆయన మొదలుపెట్టిన పద్ధతి ఇది. ఇక్కడ పాఠం చెప్పే మాస్టారు ఉండరు. సభ్యులే మాట్లాడతారు, సభ్యులే విని ఎలా ఉందో చెబుతారు. 'టేబుల్ టాపిక్స్' అని ఒకటి ఉంది. అప్పటికప్పుడు ఒక ప్రశ్న ఇస్తారు, ఒకటి రెండు నిమిషాలు మాట్లాడాలి. నిమిషానికి ఆకుపచ్చ కార్డు, నిమిషంన్నరకి పసుపు, రెండు నిమిషాలకి ఎరుపు. "జీతం పడిన రోజు మొదట ఏం కొంటారు?" అని అడిగారు నన్ను. చేతులు చల్లబడిపోయాయి. ఆకుపచ్చ కార్డు లేచేసరికి నేనింకా మా వీధి చివర కిరాణా కొట్టు దగ్గరే ఉన్నాను. మాటల మధ్య ఊతపదాలు లెక్కపెట్టడానికి ఒక మనిషి ఉంటారు. "అంటే" పదకొండు సార్లు, "యాక్చువల్లీ" ఆరు సార్లు అని లేచి చదివారు. ఎవరూ నవ్వలేదు. అందుకే మళ్లీ వెళ్లాను.

నాకు బాగా పనికొచ్చింది మొదటి ప్రసంగం. నాలుగు నుంచి ఆరు నిమిషాలు మన గురించి మనం చెప్పుకోవాలి. జగదాంబ దగ్గర మా నాన్న నడిపిన టైలరు షాపు గురించి చెప్పాను. విన్నాక, నా ప్రసంగం మీద అభిప్రాయం చెప్పాల్సిన పెద్దావిడ లేచి, "కత్తెర చప్పుడు గురించి చెప్పినప్పుడు షాపు నా కళ్లముందుకొచ్చిందమ్మా. 'నాన్న చాలా కష్టపడ్డారు' అన్నప్పుడు ఏమీ కనపడలేదు. షట్టర్ ఎన్నింటికి తీసేవారో చెప్పు" అన్నారు. అక్కడే నాకు ఆ హెచ్‌పీఎల్‌సీ గుర్తొచ్చింది. "చాలా", "కాస్త" అన్న మాటలు నాకే తెలుసు, ఎదుటివాళ్లకి అందులో ఏమీ అందదు.

వచ్చే వారం ఇంటర్వ్యూ ఉందని వెళ్తే లాభం లేదు, నెలలు పడుతుంది. ఈమెయిలు రాయడం లాంటివి మనమే వేరే చూసుకోవాలి. మా క్లబ్బులో మాట్లాడేదంతా ఇంగ్లిష్‌లోనే. వేరే భాషల్లో క్లబ్బు పెట్టుకోవచ్చు కాబట్టి, గాజువాక వైపు తెలుగులో ఒకటి వస్తే మా ల్యాబ్ టెక్నీషియన్లని నేనే తీసుకెళ్తాను. మా దగ్గర అతిథులకి డబ్బు తీసుకోరు. రెండు మూడు వారాలు ఊరికే కూర్చుని చూసి, తర్వాతే ఫీజు కట్టండి. నేనైతే ఐదుకి నాలుగు ఇస్తాను.

మొన్న శుక్రవారం మళ్లీ ఆ తమ్ముడికే షిఫ్టు అప్పగించాను. "హెచ్‌పీఎల్‌సీ ప్రెషర్ పొద్దున ఆరింటికి 160 బార్, ఇప్పుడు 210. 280 దాటితే రన్ ఆపేసి, ముందు నీళ్లతో కడుగు. నేను చెప్పింది ఒకసారి నువ్వు చెప్పు." అంతా సరిగ్గానే చెప్పాడు గానీ 280ని 380 అన్నాడు. సరిచేసి, లాగ్ బుక్కులో రాయించి, అప్పుడు బస్సెక్కాను.