వేట రైఫిల్ స్టాక్: ఏకఖండమా, ఇంట్లో అతికిన పొరలా, ఫ్యాక్టరీ దిమ్మా – ఏది మేలు?

బోల్ట్ అనే మీటను చేత్తో వెనక్కీ ముందుకూ లాగి గుండు ఎక్కించే బోల్ట్ యాక్షన్ వేట రైఫిల్‌కు స్టాక్‌ను, అంటే భుజానికి ఆనించి పట్టుకునే చెక్క భాగాన్ని, తానే చెక్కుకోవాలనుకునే అమెరికా వేటగాడికి ప్రధానంగా మూడు దారులు ఉన్నాయి. నల్ల వాల్‌నట్ చెక్క ఏకఖండాన్ని కొని చెక్కడం ఒకటి, సన్నని పలకలను ఇంట్లోనే బంకతో అతికి దిమ్మ చేసుకోవడం రెండవది, ఫ్యాక్టరీలో ఒత్తిన పొరల దిమ్మను తెచ్చుకుని చెక్కడం మూడవది. భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటకు దాదాపు పూర్తిగా తెర దించింది గనుక, ఈ విచారణ అమెరికాలో స్థిరపడి, లైసెన్సు తీసుకుని జింకల వేటకు వెళ్లే మనవారికే అక్కరకు వస్తుంది. పొరల చెక్క వంగదని అనుభవం ఉన్న వడ్రంగులు కూడా అంటుంటారు. ఆ మాట ఫ్యాక్టరీ దిమ్మ విషయంలో చాలావరకు నిజమే గాని, ఇంట్లో అతికిన దాని విషయంలో సగమే నిజం.

కలప గాలిలోని తేమను పీల్చుకుని ఉబ్బుతుంది, వదిలేసి కుంచించుకుపోతుంది. అయితే ఈ మార్పు అన్ని దిక్కులా ఒకేలా ఉండదు. విస్కాన్సిన్ రాష్ట్రంలోని మాడిసన్‌లో ఉన్న అటవీ ఉత్పత్తుల ప్రయోగశాల లెక్కల ప్రకారం, పచ్చి వాల్‌నట్ పూర్తిగా ఎండేసరికి వార్షిక వలయాల వెంబడి 7.8 శాతం, వాటికి అడ్డంగా 5.5 శాతం తగ్గుతుంది. పొడవునా తగ్గేది మాత్రం 0.1 నుంచి 0.2 శాతమే. చెక్క వంకర పోవడానికి ఈ తేడాయే ముఖ్య కారణం. బాగా ఆరిన చెక్కలో ఇంత మార్పు రాదన్నది నిజమే కాని, వర్షంలో తిరిగిన రోజున స్టాక్ ముందుభాగం కాస్త పక్కకు జరిగి బారెల్‌ను తాకితే చాలు, గుండు తగిలే చోటు మారిపోతుంది.

ఏకఖండానికి ఈ బెడద ఉన్నా, మంచి చెక్క దొరికితే అది చిన్నదవుతుంది. చేవ భాగం నుంచి తీసి, ఏళ్ల తరబడి నెమ్మదిగా ఆరిన వాల్‌నట్ బరువు తక్కువ, ఉలికి మెత్తగా లొంగుతుంది, నూనె పట్టిస్తే అందానికి సాటి ఉండదు. చూడవలసింది అందం కన్నా ముందు మెడ భాగాన్ని: చేతి పట్టు దగ్గర సన్నగా ఉండే ఆ చోట నార ఏటవాలుగా తెగిపోతే, గట్టి రీకాయిల్, అంటే కాల్చినప్పుడు వెనక్కి తన్నే దెబ్బ, ఉన్న రైఫిల్‌లో స్టాక్ అక్కడే చీలుతుంది. పైగా దిమ్మ లోపలి ముడి గాని పురుగు తొలిచిన రంధ్రం గాని సగం చెక్కిన తరువాత బయటపడితే చేయగలిగింది ఏమీ ఉండదు.

పొరల చెక్క కొత్త ఆలోచన కాదు. 1930ల చివరినాటికే జర్మన్లు తమ మౌజర్ కే98కే సైనిక రైఫిళ్లకు బీచ్ పొరలను అతికి స్టాకులు చేశారు. ఏకఖండం ఆరేదాకా ఏళ్లు ఆగే తీరిక సైన్యానికి లేదు, బరువు కొంత పెరిగినా వారు సర్దుకున్నారు. నేటి ఫ్యాక్టరీ దిమ్మలో దాదాపు 1.6 మిల్లీమీటర్ల మందమున్న బర్చ్ పొరలకు రంగు పట్టించి, రెసిన్ అనే జిగురు పూసి, అధిక ఒత్తిడితో అదుముతారు. రెండున్నర అంగుళాల మందంలో అలాంటి పొరలు ముప్పైకి పైగా ఉంటాయి. ఒక్కో పొర మెలితిరగాలని చూసినా పక్కనున్నవి దాన్ని కదలనివ్వవు. ఇంట్లో 12 మిల్లీమీటర్ల పలకలు ఐదు అతికితే వచ్చేది వేరు వస్తువు: అందులో ప్రతి పలకా ఇంకా పలకగానే ప్రవర్తిస్తుంది, వంపు తగ్గుతుంది గాని పోదు.

అయినా ఇంటి పొరలకు తమవైన లాభాలు ఉన్నాయి. ప్రతి పలకను రెండు వైపులా తిప్పి చూడవచ్చు గనుక లోపం దాగదు. చిన్న పలకలు సులువుగా దొరుకుతాయి. మెడ భాగంలో నార నేరుగా సాగే పలకను మధ్యలో పెట్టుకోవచ్చు. పొరల సంఖ్య బేసిగా ఉండాలి, అప్పుడు బంక గీత సరిగ్గా బారెల్ గాడి మధ్యలో పడదు. పక్కపక్క పలకల వంపు స్వభావం ఒకదానికొకటి ఎదురయ్యేలా తిప్పి అమర్చాలి, అన్నింటి తేమా ఒకే స్థాయిలో, 6 నుంచి 8 శాతం మధ్య ఉండేలా చూడాలి. వాల్‌నట్, మేపుల్ పలకలను చారలుగా కలపడం చాలామందికి ఇష్టం, కంటికి ఇంపుగానే ఉంటుంది. అయితే గట్టి మేపుల్ వలయాల వెంబడి 9.9 శాతం తగ్గుతుంది, వాల్‌నట్ 7.8 మాత్రమే, అందువల్ల ఏడాది గడిచాక పాలిష్ మీద వేలు పోనిస్తే పలకలు కలిసే కీలు దగ్గర సన్నని గట్టు తగులుతుంది. ఒకే జాతి కలపతో చేయడమే నాకు సమ్మతం, చారల సరదా ఉన్నవారు ఆ గట్టును భరించాలి.

బంక విషయంలో రాజీ పడకూడదు. వడ్రంగుల దగ్గర ఎప్పుడూ ఉండే పసుపు బంక కీలును బలంగానే పట్టినా, ఎండలో నిలిపిన కారు వేడికి, బారెల్ వేడికి కొద్దికొద్దిగా జారుతుంది. నెమ్మదిగా గట్టిపడే ఎపాక్సీ బంక మేలు. కానీ క్లాంపులను బిర్రుగా బిగిస్తే బంక మొత్తం బయటికి కారి కీలులో పట్టేందుకు బంకే మిగలదు. యూరియా రెసిన్ బంక జారదు గాని, పలకలను ఎక్కడా సందు లేకుండా చిత్రిక పట్టి ఉంచాలి, గట్టి బిగింపు కూడా కావాలి. రిసార్సినాల్ అనే బంక నీటికి అన్నిటికన్నా గట్టిగా తట్టుకుంటుంది, కాకపోతే ముదురు ఊదా గీత వదులుతుంది.

ఫ్యాక్టరీ దిమ్మను చెక్కేటప్పుడు రెసిన్ వల్ల ఉలి, ఆకురాయి త్వరగా మొండిబారుతాయి; ఆ ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు, మాస్కు తప్పనిసరి. ఒక సౌకర్యం మాత్రం మరే చెక్కలోనూ దొరకదు: వంపు తిరిగిన చోటల్లా రంగు పొరలు భూపటంలోని ఎత్తు రేఖల్లా బయటపడతాయి, కుడివైపు, ఎడమవైపు రేఖలు సరిపోలకపోతే చెక్కడం ఎక్కడ ఎక్కువైందో కొలబద్ద లేకుండానే తెలిసిపోతుంది. సరఫరా గురించీ ఒక మాట చెప్పాలి. స్టాక్ తయారీదారులకు ఈ సరుకును విస్తారంగా అందించిన వెర్మాంట్‌లోని రట్లండ్ ప్లైవుడ్ ఫ్యాక్టరీ 2014 ఆగస్టులో కాలిపోయింది. ఇంటి పొరలవారికి అలాంటి ఆధారం అక్కర్లేదు.

కనుక అలాస్కా తీరం వంటి తడి ప్రాంతాలకు ఫ్యాక్టరీ దిమ్మే నా ఎంపిక. వాల్‌నట్ కన్నా పావు కిలో, ఒక్కోసారి ఇంకా ఎక్కువ బరువు తూగినా, ఆ బరువే రీకాయిల్‌ను కొంత మింగుతుంది. కొలరాడో కొండలపై మైళ్లకొద్దీ మోయవలసినవారు వాల్‌నట్ ఏకఖండం తీసుకోవాలి. మంచి ఏకఖండం దొరకనివారు, చిత్రిక పట్టడంలో చేయి తిరిగినవారు ఇంటి పొరలకు పూనుకోవచ్చు. మూడింటిలో ఏది చేసినా, యాక్షన్, అంటే బోల్ట్ కదిలే లోహ భాగం, కూర్చునే గుంటలో అది కదలకుండా ఎపాక్సీ బెడ్డింగ్ పోసి, బారెల్ చుట్టూ సందు విడిచి, భుజానికి ఆనే మడమ చివర, గాడి లోపల, స్క్రూ రంధ్రాల్లో కూడా నూనె గాని వార్నిష్ గాని పట్టించాలి. తేమ ముందుగా చొరబడేది ఆ కనబడని చోట్లలోనే. కాల్చే ముందు ఖాళీ రైఫిల్‌లో సేఫ్టీ మీట, ట్రిగ్గర్, బోల్ట్ చెక్కను తాకకుండా కదులుతున్నాయో లేదో తుపాకులు బాగుచేసే గన్‌స్మిత్‌కు చూపించాలి.