కొండాపూర్ వైపు పికిల్‌బాల్ బిగినర్స్ బ్యాచ్‌లో చేరుతున్నారా? డబ్బు కట్టే ముందు ఇది చదవండి

సోమవారం నుంచి కొత్త పికిల్‌బాల్ బ్యాచ్ అని నిన్న మళ్ళీ మెసేజ్ వచ్చింది (ప్యాడిల్ అనే చిన్న బ్యాట్‌తో, చిల్లులున్న ప్లాస్టిక్ బంతిని నెట్ మీదుగా కొట్టే ఆట ఇది). అదే పోస్టరు, అదే "జీరో నుంచి గేమ్ దాకా, 12 క్లాసులు". మనవైపు అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో ఉన్న అందరికీ వచ్చే ఉంటుంది కాబట్టి ఎవరి గురించి అంటున్నానో మీకు తెలుస్తుంది. పేరు రాయను. దయచేసి కట్టకండి. ఇంట్లో పెద్దవాళ్ళని తీసుకెళ్దాం అనుకుంటున్నవాళ్ళు మాత్రం ఇది ఆఖరిదాకా చదవండి. మంగళవారం జరిగింది, నాకింకా కోపం తగ్గలేదు. రాతలో తప్పులుంటే సర్దుకోండి.

నేను, అమ్మ కలిసి చేరాం. అమ్మకి 59. కాకినాడ నుంచి నా దగ్గరికి వచ్చి నాలుగు నెలలైంది, ఇక్కడ ఎవరూ పరిచయం లేరు. స్కూల్లో ఉన్నప్పుడు టెన్నికాయిట్ బాగా ఆడేది. ఒంటి చేత్తో రింగు పట్టుకుని అదే చేత్తో ఎలా తిప్పి వేసేదో ఇప్పటికీ గరిటె పట్టుకుని చూపిస్తుంది. ఫోన్లో పికిల్‌బాల్ వీడియో చూసి "ఇది నేను ఆడగలనే" అంది. ఆ ఒక్క మాట మీద ఫ్రీ ట్రయల్‌కి తీసుకెళ్ళాను. ట్రయల్‌లో ఒక అమ్మాయి నేర్పింది. ముందు ప్యాడిల్ మీద బంతిని మెల్లగా పైకి తట్టించింది, తర్వాత నెట్ దగ్గర నిలబెట్టి అటూ ఇటూ చిన్నగా దాటించింది. చాలా ఓపిక. అమ్మ మొహంలో సంతోషం చూసి అక్కడికక్కడే ఇద్దరికీ కలిపి 15,000 కట్టేశాను. కోర్టుకి నలుగురే ఉంటారన్నారు. రోజూ నేర్పేది ఈ అమ్మాయేనా అని నేను అడగలేదు. అడగాల్సింది.

మొదటి క్లాసుకి వెళ్తే కోచ్ వేరే అబ్బాయి. ఒక్క కోర్టు, పదకొండు మంది. ఆట నలుగురిది, గంట క్లాసులో ఒక్కొక్కరి చేతికి బంతి ఎన్నిసార్లు వస్తుందో మీరే లెక్కేసుకోండి. సర్వ్ ముందు "జీరో జీరో టూ" అని అరుస్తాడు. ఆడేది రెండు జట్లే కదా, మూడో అంకె ఏమిటని అమ్మ అడిగితే "ఆడుతుంటే వచ్చేస్తుంది ఆంటీ" అన్నాడు. రెండో క్లాసులో ఒక పెద్దాయన తలమీదుగా పోతున్న బంతి కోసం వెనక్కి అడుగులేస్తూ పడిపోయారు. మణికట్టు వాచింది, ఆయన మళ్ళీ రాలేదు. నేను అప్పుడే మానేయాల్సింది. డబ్బు కట్టాం కదా, ఇంకో రెండు క్లాసులు చూద్దాం అనుకున్నాను.

మూడో క్లాసు మంగళవారం పొద్దున. అమ్మ మొదటిసారి చుడీదార్ వేసుకుంది, కొత్త బూట్లు కూడా. నెట్‌కి రెండు పక్కలా ఏడేసి అడుగుల జాగా ఉంటుంది, దాన్ని కిచెన్ అంటారు. "ఆ గీత దాటి లోపలికి పోవద్దు" అని ఒక్క ముక్క చెప్పి వదిలేశాడు. అమ్మ వంతు వచ్చింది. అవతలివాళ్ళు కొట్టిన బంతి నెట్ దాటి ఇవతల దగ్గర్లోనే పడి లేచింది. అమ్మ రెండడుగులు ముందుకేసి, కిచెన్‌లోకి వెళ్ళి, సుతారంగా అలా తాకించి అవతలికి వేసింది. వాళ్ళిద్దరూ అందుకోలేకపోయారు. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది.

అతను విజిల్ వేశాడు. "ఆంటీ, కిచెన్ అనగానే లోపలికి వెళ్ళిపోతే ఎలా? ఇక్కడ వంటేం లేదు. మీరు కాసేపు పక్కనుండి బాల్స్ ఏరండి, వీళ్ళని ఆడనివ్వండి."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇది రాయడం నాకు చాలా కష్టంగా ఉంది కానీ దాచను. పదిమంది నవ్వుతుంటే నా పెదాలూ కదిలాయి, అది అమ్మ చూసింది. ఏమీ అనలేదు. ప్యాడిల్ బెంచీ మీద పెట్టి బంతులు ఏరడానికి వెళ్ళింది. బుట్ట కూడా ఇవ్వలేదు అతను. అమ్మ చున్నీ కొంగులో పోగేసుకుని తెచ్చి ఒక్కొక్కరి చేతికి అందించింది. పక్క కోర్టులోకి దొర్లిపోతే "ఒక్క నిమిషం బాబూ" అని వాళ్ళని అడిగి తెచ్చింది. దాదాపు అరగంట. నా వంతు వచ్చినప్పుడు బంతి నా చేతిలోనూ పెట్టింది. నేను తీసుకుని సర్వ్ చేశాను. అప్పుడే ఆ బంతి కింద పడేసి అమ్మని తీసుకుని వచ్చేయాల్సింది. రెండు రోజులుగా నా మనసులో తిరుగుతున్నది అదే.

క్లాసయ్యాక అడిగాను. "జోక్ మేడమ్, ఆంటీ ఏమీ అనుకోలేదు, మీరెందుకు ఫీలవుతున్నారు?" అన్నాడు. మేనేజర్ దగ్గరికి వెళ్ళి మిగిలిన తొమ్మిది క్లాసుల డబ్బు వెనక్కి ఇవ్వమంటే ఫోన్లో రసీదు తెరిచి చూపించాడు, అడుగున చిన్న అక్షరాల్లో రిఫండ్ లేదని ఉంది. నలుగురే అన్నారుగా అంటే "సీజన్ మేడమ్, అడ్జస్ట్ అవ్వాలి" అన్నాడు. ఇంటికొచ్చి వాళ్ళ గ్రూపులో జరిగింది జరిగినట్టు రాశాను. పది నిమిషాల్లో నన్ను తీసేశారు. అమ్మ మాత్రం "పోనీలేవే, చిన్న కుర్రాడు" అంది. బూట్లు తుడిచి మళ్ళీ డబ్బాలో పెట్టేసింది.

మా పై ఫ్లోర్‌లో ఒక అంకుల్ ఉన్నారు. అమెరికాలో కూతురి దగ్గర ఆరు నెలలుండి అక్కడ పార్కులో ఈ ఆట నేర్చుకొచ్చారు. విషయం తెలిసి నిన్న సాయంత్రం మమ్మల్ని కింద మా అపార్ట్‌మెంట్ బాడ్మింటన్ కోర్టుకి రమ్మన్నారు. పికిల్‌బాల్ కోర్టు 44 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు, అంటే మా బాడ్మింటన్ డబుల్స్ కోర్టు ఎంతో అంతే. 1965లో వాషింగ్టన్ రాష్ట్రంలోని బెయిన్‌బ్రిడ్జ్ దీవిలో ఒక ఇంటి బాడ్మింటన్ కోర్టు మీదే, ఇంటిల్లిపాదీ కలిసి ఆడుకోవడానికి ఈ ఆట పుట్టిందట. అంకుల్ మా నెట్ కిందికి దించి కట్టారు, పక్కల 36 అంగుళాలు, మధ్యలో 34. బాడ్మింటన్ ముందు గీత నెట్‌కి ఆరున్నర అడుగుల్లో ఉంటుంది కాబట్టి దానికి అర అడుగు వెనక సుద్దముక్కతో కిచెన్ గీత గీశారు.

అప్పుడు చెప్పారు అసలు సంగతి. కిచెన్‌లోకి ఎప్పుడైనా వెళ్ళొచ్చు. అక్కడ నిలబడిగానీ, ఆ గీత తొక్కిగానీ బంతిని నేల తగలకుండా గాల్లో కొట్టకూడదు, అంతే. కొట్టిన ఊపులో లోపలికి పోయినా తప్పే. కానీ నేల మీద పడి లేచిన బంతినైతే లోపలికి వెళ్ళి కూడా కొట్టొచ్చు. అమ్మ కాసేపు ఆగి "మరి మొన్న నేను కొట్టింది పడి లేచిందే కదండీ" అంది. "అయితే పాయింటు మీదే చెల్లెమ్మా" అన్నారు ఆయన.

తప్పు చెప్పి, ఒప్పుగా ఆడిన మనిషిని పదిమందిలో నవ్వులపాలు చేసి బంతులు ఏరించారు. అందుకు నా దగ్గర 15,000 తీసుకున్నారు.

మూడో అంకె సంగతి కూడా అంకుల్ రెండు మాటల్లో చెప్పేశారు. మొదటిది సర్వ్ చేసే జట్టు పాయింట్లు, రెండోది అవతలి జట్టువి, మూడోది సర్వ్ చేసే జట్టులో ఎన్నో మనిషి సర్వ్ చేస్తున్నారన్నది. ఆట మొదలుపెట్టే జట్టుకి మొదటి విడతలో ఒక్కరికే సర్వ్, ఆ ఒక్కరినీ రెండో మనిషిగానే లెక్కేస్తారు కాబట్టి టూ అని మొదలవుతుంది. సర్వ్ నడుము కింది నుంచి పైకి కొట్టాలి, అమ్మకి అది రింగు వేసినట్టే ఉండి రెండో ప్రయత్నంలోనే వచ్చేసింది. తలమీదుగా పోయే బంతికి వెనక్కి అడుగులేయకూడదు, ఒంటిని తిప్పి పరిగెత్తాలి, అందకపోతే వదిలేయాలి అని బంతి చేతికివ్వకముందే చెప్పారాయన. ఆ పడిపోయిన పెద్దాయనకి ఈ మాట ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

చేరాలనుకునేవాళ్ళు ట్రయల్ రోజు కాకుండా మామూలు రోజు వెళ్ళి నడుస్తున్న క్లాసు బయట నిలబడి చూడండి, కోర్టుకి ఎంతమందో లెక్కపెట్టండి. కోచ్ ఎవరో, ఎంతమందో మెసేజ్‌లో రాయించుకోండి. ఎన్ని క్లాసులకి వెళ్తే అన్నిటికే కట్టండి. నేను ఇవాళ పొద్దున 1915కి, అంటే కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి కంప్లయింట్ రాయించాను. పోస్టరు, రసీదు, గ్రూపులో నన్ను తీసేసిన స్క్రీన్‌షాట్ దాచాను. ఆ బ్యాచ్‌లో ఇలాగే ఇబ్బందిపడ్డవాళ్ళు ఉంటే, ముఖ్యంగా మణికట్టు వాచిన పెద్దాయన ఇంట్లోవాళ్ళు ఇది చూస్తే, నాకు మెసేజ్ పెట్టండి.