యూపీఎస్ మీది పచ్చ దీపాన్ని నమ్మాను

విజయవాడలో ఇంటి దగ్గరే డీటీపీ పని చేస్తాను. ఆరేళ్లుగా నా బల్ల కింద 600 వీఏ సామర్థ్యమున్న యూపీఎస్ ఉంది, అంటే కరెంటు పోగానే బ్యాటరీతో కంప్యూటరును నడిపే పెట్టె. కొత్తలో అడిగిన వారికీ అడగని వారికీ కొనమని చెప్పాను. కరెంటు పోయాక కూడా కంప్యూటరు, మానిటరు పదిహేను నిమిషాలు నడిచేవి. పని సేవ్ చేసుకుని తీరిగ్గా ఆపడానికి అది చాలు. ఇప్పుడైతే అంత తేలిగ్గా చెప్పను.

మూడో వేసవిలో ఒక మధ్యాహ్నం కరెంటు ఇలా పోయి అలా వచ్చింది. ఫ్యాను పూర్తిగా ఆగను కూడా లేదు, కంప్యూటరు మాత్రం ఆరిపోయింది. యూపీఎస్ ఒక్కసారైనా బీప్ మనలేదు. మళ్లీ ఆన్ చేస్తే, మర్నాడు ప్రెస్సుకు పంపాల్సిన పుస్తకం ఫైలు తెరుచుకోలేదు. రెండు రోజుల కిందటి కాపీ తీసుకుని తెల్లవారేదాకా 40 పేజీలు మళ్లీ దిద్దాను. ఆ రాత్రి నాకు కోపం వచ్చింది పోయిన కరెంటు మీద కాదు, ఆ పచ్చ దీపం మీద. క్షణం ముందు వరకు వెలుగుతూనే ఉంది. నా యూపీఎస్‌లో ఆ దీపానికి అర్థం కరెంటు వస్తోందని మాత్రమే. లోపల బ్యాటరీ చచ్చిపోయినా అది వెలుగుతుంది.

మెకానిక్ మూత విప్పితే 12 వోల్టుల బ్యాటరీ ఉబ్బిపోయి కనిపించింది. తప్పు నాది కూడా. పడమటి గోడకు ఆనించి, గాలాడని మూలలో పెట్టాను. ఇలాంటి సీల్డ్ (మూత వేసి మూసేసిన) బ్యాటరీలకు వేడే శత్రువు. సుమారు 25 డిగ్రీలు దాటాక ప్రతి పది డిగ్రీలకు ఆయుష్షు సగమవుతుందని అంటారు. మా ఊరి మే నెల సంగతి చెప్పక్కర్లేదు.

అప్పటినుంచి నెలకోసారి అన్నీ సేవ్ చేసి, గోడ మీది స్విచ్ ఆపి చూస్తున్నాను. ప్లగ్ మాత్రం పీకను, ఎర్తింగ్ తెగిపోతుంది కనుక. ఐదు నిమిషాలు నిలవకపోతే బ్యాటరీ మార్చేస్తాను. ఇప్పుడున్నది మూడోది. లేజర్ ప్రింటరును దీనికి ఎన్నడూ తగిలించలేదు. అది వేడెక్కేటప్పుడు లాగే కరెంటును ఇంత చిన్న యూపీఎస్ మోయలేదు.

డెస్క్‌టాప్ మీద బతుకుతున్నాను కాబట్టి నాకు ఈ ఖర్చు తప్పదు, తప్పించుకోవాలనీ లేదు. మా చెల్లెలు ల్యాప్‌టాప్ మీద పని చేస్తుంది. దానికి సొంత బ్యాటరీ ఉంది. తనకు యూపీఎస్ వద్దని చెప్పి, వైఫై రౌటర్‌కు మాత్రం 12 వోల్టుల చిన్న బ్యాకప్ కొనిపించాను.